ఎఫ్రాయిన్ చట్టం

“సీలు పీకేస్తాను. ఎవడొస్తాడో రానీ,” అంది బెనీతా. చేతిలో వంటింటి కత్తి ఉంది.

“పీకు,” అంది సతుర్నీనా, ఒళ్ళో చిక్కుడు గింజలు ఒలుచుకుంటూ. తల కూడా ఎత్తలేదు. “పీకి, నీ తమ్ముడి పేరు కూడా దాంతోపాటు చెత్తలో పారెయ్.”

బెనీతా ఆగిపోయింది. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో ఏ గొడవైనా ఇక్కడిదాకా వచ్చి ఆగుతోంది.

మొక్కజొన్న కల్లు చీచాని పులియబెట్టే గది తలుపుకి అడ్డంగా రెండు పసుపు పట్టీలు అంటించి ఉన్నాయి. మధ్యలో పురపాలక సంఘం కాగితం. దాని మీద మిగతా అక్షరాల కంటే పెద్దగా ‘ఎఫ్రాయిన్ చట్టం ప్రకారం మూసివేయడమైనది’ అని ఉంది. ఆ చట్టానికి ఒక నంబరు లేకపోలేదు. కొండల మీది మా యానాపాట ఊళ్ళో అది ఎవరికీ గుర్తు లేదు. పోయినేడు పండగలో కల్తీ సారా తాగి ముగ్గురు మగవాళ్ళు పోతే, అందులో చిన్నవాడు ఎఫ్రాయిన్. వాడి తల్లి సతుర్నీనా ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించింది. ఆ కాగితం పైన కొడుకు పేరు రాయించింది. అదే పేరు చట్టానికీ ఉండిపోయింది.

“చెవి పెట్టి విన్నావా ఇవాళ?” అంది బెనీతా గొంతు తగ్గించి.

సతుర్నీనా ఇంకో కాయ ఒలిచింది.

“నేను విన్నాను. మొదటి మూడు రోజులూ చిటపటలాడింది. నాలుగోనాడు తగ్గింది. ఇప్పుడేం లేదమ్మా. బాన ఊపిరి తీయట్లేదు.”

“తలుపు మందం. వినపడదులే.”

“ఇరవై ఏళ్ళ నుంచి అదే తలుపు!”

మొలకెత్తించిన మొక్కజొన్నని కాచి, చల్లార్చి, కిందటి బానలో అడుగున మిగిలిన తోడు కలిపితే చీచా పులుస్తుంది. తోడు లేకపోతే అది ఉత్త జావ. సతుర్నీనా ఇంట్లో తోడు ఆవిడ తల్లి నాటిది. అంతకు ముందు ఎవరి నాటిదో చెప్పగలవాళ్ళు బతికి లేరు. వారానికి రెండుసార్లు దానికి తిండి పెట్టాలి. ఎప్పుడైనా ఒకరింట్లో చచ్చిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవాళ్ళు. ఈసారి ఆ దారి కూడా లేదు. చీచా కొట్లకి చట్టం ఇచ్చిన ఎనిమిది నెలల గడువు తీరగానే, ఊళ్ళో పదకొండింటికీ ఒకే రోజు సీలు వేశారు.

“ఆదివారం వాడి ఏడాది పూజ,” అంది బెనీతా. “పూజ అయ్యాక ఊరంతా ఈ గుమ్మంలోకొస్తుంది. నువ్వు మొదటి గ్లాసు తాగి ఆ నల్ల శాలువా తియ్యాలి. దేంతో తీస్తావు? మంచినీళ్ళతోనా?”

“తియ్యను. ఉంచుకుంటాను.”

“ఎన్నాళ్ళు?”

“నా ఇష్టం.”

బెనీతా కత్తిని బల్ల మీద పెట్టింది. పెట్టడంలో చప్పుడు ఎక్కువైంది.

“చచ్చిపోయినవాడి పేరు మీద చట్టం ఉంది. బతికున్న కూతురి పేరు మీద ఏమీ లేదు కదమ్మా.”

ఆ మాటకి సతుర్నీనా వేళ్ళు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. 

*

తొమ్మిది కొట్టేసరికి దోన్ లదిస్లావో వచ్చాడు. కౌన్సిల్ సభ్యుడు. ఎఫ్రాయిన్‌కి జ్ఞానతండ్రి. పిల్లవాడికి జ్ఞానస్నానం చేయించిన నాటి నుంచి అతనూ సతుర్నీనా ఒకరినొకరు కొంపాద్రే, కోమాద్రే అనే పిలుచుకుంటారు. మామూలుగా ఈ గుమ్మంలోకి రాగానే టోపీ తీసి గ్లాసు అడిగే మనిషి. ఇవాళ టోపీ తీశాడు, గ్లాసు అడగలేదు. సంకలో ఒక కాగితాల కట్ట ఉంది.

“కోమాద్రే, పదకొండింటికి సభ. చెప్పేది విను.”

“వింటున్నా.”

“ఈ చట్టం రాయమని కస్కో పట్నం నుంచి పిలిపించిన వకీలు దాన్ని ఎక్కణ్ణుంచో దించేశాడు. సముద్రం ఒడ్డున ఏదో ఊరిదట. తొమ్మిదో నిబంధన చూశావా? అలలు తాకేచోటికి యాభై మీటర్ల లోపు పానీయాలు అమ్మరాదు, అని ఉంది.”

“మనకి అలలెక్కడివి దోన్ లదిస్లావో?” అంది బెనీతా. “కొండ మీద కూర్చుని ఆవలిస్తే మేఘాలు నోట్లోకి పోతాయి ఇక్కడ.”

“అదే చెప్తున్నా.”

“మరి మీరు చెయ్యి ఎలా ఎత్తారు?”

లదిస్లావో టోపీని చేతుల్లో తిప్పాడు. “చదివి వినిపించారమ్మా. నలభై నిబంధనలు. మొదటి దాంట్లోనే వాడి పేరు వచ్చింది. ఆ తర్వాత నాకేం వినపడలేదు. నా ఒక్కడికే కాదు, మిగతా నలుగురికీ అంతే. ‘పులియబెట్టిన పానీయాలన్నీ మూత బిగించిన సీసాలో, పేరు చీటీతో, రిజిస్టరు నంబరుతో మాత్రమే అమ్మవలెను.’ ఆ మాట చదివినప్పుడు నేను ఏడుస్తున్నాను.”

తాజా చీచాని సీసాలో బిగిస్తే అరపూటలో సీసా పగులుతుంది. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. కౌన్సిల్‌కీ తెలుసు. తెలిసీ చేతులెత్తారు.

చీచా ఆడవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పదకొండు మందీ ఆ సంతకాల కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళే. మా దగ్గర చావింటి మనిషి కాగితం చాపితే ఎవరూ చదవరు. చదవడం అంటే ఆ దుఃఖాన్ని తూకం వెయ్యడం. కౌగిలించుకుంటారు, ఏడుస్తారు, ఎక్కడ చూపిస్తే అక్కడ వేలు ముద్ర వేస్తారు. ముసాయిదా నెల రోజులు మునిసిపాలిటీ గోడ మీద వేలాడింది, అభ్యంతరాలు ఉంటే చెప్పమని. పైన వాడి పేరు చూసి అందరూ శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయారు.

“ఇప్పుడు ఏం చెయ్యాలంటావు?” అంది సతుర్నీనా.

“మార్చాలి. మారుద్దాం. కానీ మార్చాలంటే మళ్ళీ కమిటీ, మళ్ళీ ముసాయిదా, మళ్ళీ నెల రోజులు గోడ మీద, మళ్ళీ సభ. రెండు నెలలకి ఒక్క రోజు తక్కువ పట్టదు. ఈలోపల కొట్లు తెరవాలంటే ఒకటే దారి. ఆ రెండు నెలలూ చట్టం అమలు ఆపేస్తాం. జనం అడిగి తెచ్చుకున్న చట్టం కాబట్టి ఆపమని కూడా అడిగినవాళ్ళే అడగాలి. మొదటి సంతకం నీది. ఇవాళ పెట్టావా, మధ్యాహ్నానికి సీళ్ళు తీసేస్తారు. పెట్టలేదా, చట్టానికి ఏడాది నిండేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు.”

“మొత్తం ఆపేస్తారా? చీచా సంగతి ఒక్కటీ కాదా?”

లదిస్లావో నేల చూశాడు.

“మొత్తం,” అన్నాడు.

“అంటే వాడి షట్టరు కూడా.”

ఎవరి షట్టరని ఎవరూ అడగలేదు. చర్చి ఎదురుగా మూలన అర్సేనియో దుకాణం. ఆ సారా డబ్బాలు అమ్మినవాడు. ‘నేనూ పట్నంలో కొన్నదే అమ్మాను, మూత విప్పి చూశానా’ అన్నాడు. కేసు నడుస్తోంది, నడుస్తూనే ఉంది. ఈ చట్టం వచ్చాకే వాడి దుకాణం మూతపడింది. ఈ ఏడాదిలో సతుర్నీనాకి దక్కింది అదొక్కటే. రోజూ పొద్దున్న రొట్టె కోసం వెళ్తూ ఆవిడ ఆ దించిన షట్టరు ముందు ఒక్క నిమిషం నిలబడేది. అరుగు మీద అర్సేనియో తల్లి, ఎనభై ఏళ్ళ విసెంతా, ఉన్ని వడుకుతూ కూర్చుని ఉండేది. ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కాదు. ఊళ్ళో అన్ని గడపలూ తొక్కిన సతుర్నీనా సంతకం అడగని గడప అదొక్కటే.

“వద్దు కొంపాద్రే,” అంది సతుర్నీనా. “తీసుకుపో ఆ కాగితం.”

“అమ్మా!”

“నా కొడుకుని చంపినవాడి తలుపు నా చేత్తో తెరవమంటున్నారు మీరిద్దరూ. నేను తెరవను. బాన చస్తే చావనీ.”

“బాన ఒక్కటే కాదు, పదకొండిళ్ళు చస్తాయి!”

“వాళ్ళెవరూ నన్నేమీ అనలేదు.”

“అనరు!” బెనీతా గొంతు చీరుకుపోయింది. “నీ ముందు ఎవరంటారు? నల్ల శాలువా కప్పుకుని కూర్చుంటే నిన్ను చూసి దేవుడు కూడా నోరు మూసుకుంటాడు! ఎర్రగుడ్డలన్నీ దించేశారు. వీధి చూశావా? చీచా తయారుగా ఉందని చెప్పడానికి ఒక్క గుమ్మం మీద కూడా గుడ్డ లేదు. ఎవరైనా వచ్చి అడిగారా నిన్ను? అడగరమ్మా. వాళ్ళు నిన్ను క్షమించేశారు. నాకు అదే భరించరానిదిగా ఉంది.”

లదిస్లావో కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు గిన్నె పెట్టాడు. వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

*

పదిన్నరకి చీచా ఆడవాళ్ళు వచ్చారు. అందరూ కాదు, నలుగురు. చావింటికి ఏడాది పూజ ముందు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి ఇవ్వడం మా దగ్గర ఉన్నదే. ఒకామె బంగాళాదుంపలు తెచ్చింది. ఒకామె జున్ను తెచ్చింది. ఇంకొకామె కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళని సంకలో పెట్టుకుని వచ్చింది, అవి దారి పొడుగునా ఆమెని తిడుతూనే ఉన్నాయి.

నాలుగో ఆమె దొమితీలా. సతుర్నీనాతో కలిసి బడికెళ్ళిన మనిషి, వీధి చివర కొట్టు ఆమెది. వీపున దుప్పటిలో కట్టుకున్న బరువు దింపి ముడి విప్పింది. లోపల నారింజ రంగు సోడా సీసాలు. పన్నెండు.

“ఆదివారానికి,” అంది దొమితీలా. “తాగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా సతూ. ఇంకో రెండు మూటలు మా అల్లుడు తెస్తాడు. చల్లగా చేసి ఇస్తే ఫర్వాలేదు, పిల్లలకి ఇష్టమే.”

ఎత్తిపొడుపు కాదు. ఆమె కళ్ళల్లో నిజంగానే జాలి ఉంది. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, గోళ్ళ సందుల్లో పిండి లేదు. ముప్పై ఏళ్ళలో దొమితీలా గోళ్ళు అలా చూడటం సతుర్నీనాకి అదే మొదటిసారి.

సతుర్నీనా ఒక సీసా చేతిలోకి తీసుకుంది. మూత గట్టిగా బిగించి ఉంది. పేరు చీటీ ఉంది. చీటీ కింద చిన్న అక్షరాల్లో రిజిస్టరు నంబరు ఉంది. ఎఫ్రాయిన్ చట్టం ఏం కోరిందో అదంతా ఆ సీసాలో ఉంది.

“వాడికి ఇది పడేది కాదు,” అంది మెల్లగా. “త్రేన్పులొస్తాయని.”

“తెలుసు,” అంది దొమితీలా.

“వాడి ఏడాదికి ఇది పోస్తామా దొమితీలా?”

 దొమితీలా సీసాలు మళ్ళీ వరసలో పెట్టింది, ఉన్నవి ఉన్నట్టే ఉన్నా.

సతుర్నీనా ఆ సీసాని మిగతావాటి పక్కన పెట్టింది. తర్వాత ఎవరినీ చూడకుండా చెయ్యి చాపింది.

“బెనీతా. కలం.”

*

సభలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. మేయరు లేచి నిలబడి ఏవో గౌరవ వాక్యాలు చెప్పాడు. కార్యదర్శి అర్జీ చదివాడు. ఐదు చేతులు లేచాయి. చట్టం తెచ్చినప్పుడు లేచినవీ అవే చేతులు.

“అయితే ఇప్పుడు లేనట్టేనా?” అంది సతుర్నీనా.

“రెండు నెలలపాటు ఆగినట్టమ్మా,” అన్నాడు కార్యదర్శి. మంచివాడు, గొంతులో మెత్తదనం ఉంది. “మళ్ళీ తెస్తాం. ఈసారి మంచిది రాద్దాం.”

“వాడి పేరు ఉంటుందా?”

కార్యదర్శి మేయరు వైపు చూశాడు. మేయరు కిటికీ వైపు చూశాడు.

“అది… సభ నిర్ణయించాలమ్మా.”

సతుర్నీనా లేచింది. బయట మెట్ల మీద ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమెని చూసి దారి ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె ఆమె శాలువా అంచు తాకింది, చర్చిలో బొమ్మను తాకినట్టు. సతుర్నీనా దాన్ని విదిలించుకోలేదు, ఆగనూ లేదు.

*

పట్టీలు కోయడానికి రుఫీనో వచ్చాడు. మునిసిపాలిటీ గుమాస్తా. సీలు వేసింది కూడా వాడే. ఆ రోజు పట్టీ అంటించే ముందు ఆఖరి గ్లాసు అడిగి తాగి, మూతి తుడుచుకుని మరీ అంటించాడు. ఇవాళ వాడి ముఖంలో పండగ ఉంది.

“తియ్యండమ్మా తియ్యండి, గొంతెండిపోయి ఎనిమిది రోజులైంది!”

తలుపు తెరుచుకుంది. రుఫీనో ముఖం ముడుచుకుంది. ఘాటు బయటికి తన్నింది, ఉత్త పుల్లటి ఘాటు. కళ్ళు మండాయి.

బెనీతా బాన మూత తీసింది. పైన తెల్లటి తెట్టు కట్టింది, ముడతలు పడి. గరిటెతో దాన్ని పక్కకి తోసి, చెయ్యి మోచేతి దాకా ముంచి అడుగు తీసింది. గిన్నెలో పోసి, గోరువెచ్చటి నీళ్ళు, చెరకు బెల్లం కలిపి, చెవి దగ్గర పెట్టుకుంది. వాకిట్లో అందరూ గుమ్మం దగ్గరికి జరిగారు.

చాలాసేపు విన్నది. తర్వాత గిన్నె కింద పెట్టింది.

“ఇంకొంచెం బెల్లం వెయ్యి,” అంది సతుర్నీనా.

“వేశానమ్మా.”

“నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయేమో.”

“అమ్మా.”

దొమితీలా తన కొట్టుకి పరిగెత్తింది. మిగతావాళ్ళూ పరిగెత్తారు. ఒక్కొక్కరే తిరిగొచ్చారు, నడుస్తూ. అలా నడిచి వస్తున్నప్పుడే తెలిసిపోయింది. దొమితీలా గుమ్మం దగ్గర ఆగి తల అడ్డంగా ఊపి, అక్కడే కూలబడి, శాలువాలో ముఖం పెట్టుకుంది. పదకొండిళ్ళలో ఒక్క బాన కూడా బతికి లేదు.

సరిగ్గా అప్పుడే చర్చి వైపు నుంచి ఇనుము గీసుకుంటున్న చప్పుడు వచ్చింది. ఎనిమిది నెలలుగా తుప్పు పట్టిన షట్టరు. మధ్యలో ఒకచోట ఇరుక్కుంది. ఎవరో గట్టిగా తన్నారు. మళ్ళీ గీసుకుంటూ పైదాకా వెళ్ళింది.

సతుర్నీనా ఒక్కసారి కళ్ళు మూసుకుంది. బానా, ఆ దించిన షట్టరూ, రెండూ పోయాయి. ఆ మాట ఆమె అనలేదు, కానీ వాకిట్లో ఉన్న ప్రతి మనిషికీ వినపడింది.

“నన్ను తిట్టు,” అంది కూతురితో. “నాలుగు రోజుల ముందు నేనే వెళ్ళి ఆపమని అడిగుంటే బతికేది. తిట్టు.”

బెనీతా తిట్టలేదు. పొద్దున్న అన్ని మాటలన్న మనిషి, తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆ పుల్లటి చేత్తోనే ఆమె మోకాలు పట్టుకుంది.

 గుంపు చివర కదలిక వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పక్కకి తప్పుకున్నారు. ఆ దారిలో ముసలి విసెంతా వస్తోంది. నడుం వంగిపోయి, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ. రెండు చేతులతో గుండెలకి ఆనించి ఒక మట్టి కూజా పట్టుకుంది. దాని మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. గుడ్డ మధ్యలో ఉబ్బి, మెల్లగా కదులుతోంది.

గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాలేదు.

“నేను అమ్మేదాన్ని కాదు,” అంది. “పొద్దున్నో గ్లాసు, సాయంత్రం ఓ గ్లాసు. నాకోసమే కాచుకుంటాను. అందుకని నా ఇంటికి సీలు వేసేవాడు రాలేదు.”

వెనక ఆడవాళ్ళు కూజా చూడటానికి మెడలు చాపారు.

“ఇది మీ ఇంటిదే సతుర్నీనా. నేను పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పుడు మీ అమ్మ పోసిచ్చింది. యాభై తొమ్మిదేళ్ళు చావనివ్వలేదు.” ముసలిది కూజాని ముందుకి చాపింది. “కుర్రాడి ఏడాదికి. నా కొడుకు పంపలేదు. నేను తెచ్చాను.”

కూజాలోంచి శబ్దం వస్తోంది. వాకిట్లో అందరికీ వినపడుతోంది, పొయ్యి మీద పెసలు వేగుతున్నట్టు సన్నగా చిటపట.

బెనీతా లేవబోయింది. సతుర్నీనా చెయ్యి ఆమె భుజం మీద పడి ఆపింది. ఆపడమే తప్ప, తనూ లేవలేదు. ఆమె చూపు కూజా మీద లేదు. విసెంతా భుజం మీదుగా, చర్చి ఎదురుగా తెరిచి ఉన్న షట్టరు మీద ఉంది.

మా ఊళ్ళో తోడుని నేల మీద పెట్టరు. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకే వెళ్ళాలి. విసెంతాకి అది తెలుసు. అందుకే కూజా దించలేదు, వెనక్కీ తిరగలేదు. చేతులు చాపి నిలబడే ఉంది. కాసేపటికి ఆ ఎనభై ఏళ్ళ మణికట్లు వణకడం మొదలుపెట్టాయి, గుడ్డ తడిసి నురగ గడప మీదికి కారింది.